ఉద్యోగం మారాలా, పనే మారాలా? కెరీర్ తేల్చుకోవడానికి స్వీయ అంచనా, మెట్టు మెట్టుగా

పదో తరగతిలో మార్కులొచ్చాయని ఎంపీసీ. వచ్చిన ర్యాంకుకి వెబ్ ఆప్షన్లలో దొరికిన బ్రాంచి. క్యాంపస్‌కి ముందొచ్చిన కంపెనీలో ఉద్యోగం. ట్రైనింగ్ అయ్యాక ఏ ప్రాజెక్టులో ఖాళీ ఉంటే ఆ టెక్నాలజీ. మన దగ్గర చాలామంది కెరీర్ ఇలాగే మొదలవుతుంది. ఇంత దూరం వచ్చేదాకా "నీకు ఏ పని బాగా చేతనవుతుంది?" అని ఎవరూ అడగరు, మనమూ అడుక్కోం. ఆ ప్రశ్న ముప్పై దాటాక, ఇంటి లోన్ ఈఎంఐ మొదలయ్యాక, ఆదివారం సాయంత్రం సోమవారాన్ని తలచుకుని టెన్షన్ పడుతున్నప్పుడు వస్తుంది.

అప్పుడు కొందరు ఆన్‌లైన్‌లో పది నిమిషాల టెస్టు రాసి, వచ్చిన రిపోర్టును స్టేటస్‌లో పెట్టుకుంటారు. ఇంకొందరు పక్క సీటతను డేటా సైన్స్ నేర్చుకుని జీతం పెంచుకున్నాడని అదే కోర్సుకి డబ్బు కడతారు. రెంటిలోనూ తమ గురించి తాము తెలుసుకున్నది తక్కువే.

కళ్లు మూసుకుని "నాకేం ఇష్టం?" అని ఆలోచిస్తే మన కోరికలు బయటికొస్తాయి. కోరికలు చెడ్డవని కాదు, వాటిలో సగం ఎవరినో చూసి పుట్టినవి. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతంతా మీరు నిజంగా చేసిన పనుల్ని సాక్ష్యంగా పెట్టుకుని నడుస్తుంది. టెస్టులూ ఉంటాయి, కానీ వాటి మాట చివరి మాట కాదు.

ఈ ఆలోచన పాతదే. 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన యువకులకు వృత్తి సలహా ఇచ్చే కేంద్రం పెట్టాడు. ముందు నిన్ను నువ్వు తెలుసుకో, తర్వాత పనుల గురించి తెలుసుకో, ఆపైన రెంటినీ కలిపి ఆలోచించు అన్నాడు. ఇవాళ మనం స్వీయ అంచనా అనుకుంటున్నది చాలావరకు మొదటి భాగం దగ్గరే ఆగిపోతుంది. రెండోది లేకపోతే మొదటిదాని వల్ల పెద్ద ఉపయోగం లేదు.

మొత్తానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఒక లాంగ్ నోట్‌బుక్, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, మీ పాత ఆఫర్ లెటర్ దగ్గర పెట్టుకోండి. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న ముప్పై రెండేళ్ల అమ్మాయి. "ఇదంతా మానేసి టీచర్ అవుతాను" అంటోంది. కల్పితమే, కానీ ఇలాంటి వాళ్లు ఏ ఆఫీసు క్యాంటీన్‌లోనైనా కనిపిస్తారు.

మొదటి మెట్టు: ఇబ్బంది పనితోనా, చోటుతోనా?

రెండు వారాల పాటు రోజూ సాయంత్రం పది నిమిషాలు పని చిట్టా రాయండి. ఏ పని, ఎంతసేపు, అది చేశాక ఎలా ఉంది. ఉత్సాహం వస్తే ప్లస్, నీరసం వస్తే మైనస్, ఏమీ లేకపోతే సున్నా. మరీ ఎక్కువైతే రెండు గుర్తులు. నెల చివర్లో గుర్తు తెచ్చుకుని రాస్తే లాభం లేదు, ఏ రోజుది ఆ రోజే రాయాలి.

మన టెస్టింగ్ అమ్మాయి సోమవారం పేజీ ఇలా ఉంటుంది:

పది నుంచి పదకొండు, స్టేటస్ కాల్: మైనస్.
పదకొండు నుంచి ఒంటిగంట, కొత్త రిలీజ్‌కి టెస్ట్ కేసులు రాయడం: సున్నా.
రెండు నుంచి మూడు, కొత్తగా చేరిన ఇద్దరికి అప్లికేషన్ ఎలా పనిచేస్తుందో చెప్పడం: రెండు ప్లస్‌లు. టైమే తెలియలేదు.
మూడు నుంచి అయిదు, రిగ్రెషన్, పోయిన నెల చేసిందే మళ్లీ: మైనస్.
అయిదు నుంచి అయిదూ నలభై, అది బగ్గా కాదా అని డెవలపర్‌తో వాదన: ప్లస్. బగ్గే అని ఒప్పుకున్నాడు.
రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు, అమెరికా టీమ్‌తో కాల్: రెండు మైనస్‌లు. పాప నిద్రపోయింది.

రెండు వారాలయ్యాక మైనస్‌లన్నీ ఒకచోట రాసుకుని, ఒక్కోదాని పక్కన కారణం రాయండి: పని, మనుషులు, వేళలు, ప్రయాణం, జీతం. తర్వాత ఈ ప్రశ్న వేసుకోండి. ఇదే పని, మేనేజర్ మంచివాడు, ఆఫీసు ఇంటికి పావుగంట దూరం, రాత్రి కాల్స్ లేవు. అప్పుడూ మానేస్తారా?

"లేదు, అప్పుడైతే చేస్తాను" అనిపిస్తే మీకు కావలసింది కొత్త కెరీర్ కాదు. కంపెనీయో, ప్రాజెక్టో, షిఫ్టో మారితే సరిపోతుంది. కింది మెట్లన్నీ అక్కర్లేదు, రెజ్యూమె సరిచేసుకోండి చాలు. మియాపూర్ నుంచి ఆదిభట్ల వెళ్లొచ్చే విసుగుని వృత్తి మీద విసుగు అనుకుని బీఎడ్‌లో చేరిపోవడం చాలా ఖరీదైన పొరపాటు.

ఇంకో విషయం. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఇష్టమైన సినిమా పెట్టినా చూడబుద్ధి కాకపోవడం లాంటివి ఉంటే కెరీర్ ప్రశ్నను పక్కన పెట్టండి. ఆ స్థితిలో ఏ పని పక్కనైనా మైనసే పడుతుంది. ముందు డాక్టర్ని కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు.

రెండో మెట్టు: ఏడు కథలు రాయండి

మొత్తం మీద నేను ఎక్కువ విలువిచ్చే మెట్టు ఇది. తొందరపడకండి, రెండు మూడు ఆదివారాలు తీసుకోండి.

చిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా మీరు చేసిన పనుల్లో ఏడు ఎంచుకోండి. ఒక్కోదానికి మూడు షరతులు: మీరే చేసి ఉండాలి, చేస్తున్నప్పుడు బాగుండాలి, అయ్యాక "పర్లేదు, బాగా చేశాను" అనిపించి ఉండాలి. అవార్డులు, మార్కులు అక్కర్లేదు. ఉద్యోగంలో చేసినవే కానక్కర్లేదు కూడా. అక్క పెళ్లికి వంటవాళ్లతో బేరమాడి సరుకుల లిస్టు రాసింది, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో మూడేళ్లుగా తేలని మెయింటెనెన్స్ లెక్క తేల్చింది, హాస్టల్ మెస్ కమిటీలో ఉన్నప్పుడు కూరగాయలు తెచ్చే కాంట్రాక్టర్‌ని మార్పించింది, వినాయక చవితి మండపానికి చందాలు వసూలు చేసింది, అన్నీ పనికొస్తాయి. చందాలు అడగడం ఎంత కష్టమో అడిగినవాళ్లకే తెలుసు. అది చేసి ఆనందించిన మనిషి సేల్స్ గురించి తప్పకుండా ఆలోచించాలి.

ఒక్కో కథ అరపేజీ. "బాధ్యత తీసుకున్నాను", "నాయకత్వం వహించాను" లాంటి రెజ్యూమె మాటలు వద్దు. ఎవరి దగ్గరికి వెళ్లారు, ఏం అడిగారు, ఏం రాశారు, ఎక్కడ చిక్కు పడింది, ఎలా విప్పారు, అవి రాయండి.

మన అమ్మాయి రాసిన ఒక కథ ఇలా ఉందనుకుందాం: "నాన్న పట్టాదారు పాస్‌బుక్‌లో విస్తీర్ణం అరెకరం తక్కువ పడింది. పాత పహాణీ నకళ్లు తీయించాను. సర్వే నంబర్ల వారీగా ఒక కాగితం మీద పట్టిక వేశాను. ఏ సంవత్సరం నుంచి అంకె మారిందో పోల్చి చూసి పట్టుకున్నాను. దాన్ని తహసీల్దార్ ఆఫీసులో ఇద్దరికి విడివిడిగా వివరించాను. నాన్నకి అర్థమయ్యేలా మళ్లీ చెప్పాను. దరఖాస్తు నేనే రాశాను."

ఇప్పుడు చేసిన పనుల కింద గీతలు గీయండి. తీయించాను, పట్టిక వేశాను, పోల్చాను, పట్టుకున్నాను, వివరించాను, మళ్లీ చెప్పాను, రాశాను. ఏడు కథల్లోనూ ఇలా గీసి, ఏ పని ఎన్ని కథల్లో వచ్చిందో లెక్కపెట్టండి. నాలుగు, అంతకంటే ఎక్కువ కథల్లో వచ్చినవే మీ అసలు నైపుణ్యాలు.

ఈ అమ్మాయికి రెండు తేలాయి: తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం, పట్టుకున్నది ఎదుటివాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం. మొదటిది టెస్టింగ్ పనే! అంటే ఆమె పూర్తిగా తప్పు రంగంలోకి వచ్చిపడలేదు. చేసిందే చేయించే రిగ్రెషన్, రాత్రి కాల్స్ ఆమెకి పడటం లేదు. చెప్పే అవకాశం తక్కువగా ఉంది. పని చిట్టాలో రెండు ప్లస్‌లు ఎక్కడ పడ్డాయో ఇప్పుడు మళ్లీ చూడండి.

కథలయ్యాక మీరు పని చేస్తుండగా దగ్గర్నుంచి చూసిన నలుగురైదుగురికి మెసేజ్ పెట్టండి: "నేను ఏ పని చేస్తున్నప్పుడు బాగా చేస్తున్నానని నీకు అనిపించింది? ఒక్క సందర్భం చెప్పు." సందర్భం తప్పకుండా అడగాలి. లేకపోతే "నువ్వు చాలా హార్డ్ వర్కింగ్" అని పంపి ఊరుకుంటారు. అమ్మానాన్నల్ని ఈ ప్రశ్న అడగకండి. వాళ్లకి మనం అన్నిట్లోనూ బాగానే కనిపిస్తాం, లేదా దేంట్లోనూ కనిపించం.

మూడో మెట్టు: టెస్టులు, కానీ ఏవి?

కథలు రాశాకే టెస్టు రాయండి. ముందే రాస్తే రిపోర్టులో ఏముందో దానికి తగ్గట్టు కథలు ఎంచుకుంటారు.

ఆసక్తుల్ని కొలవడానికి అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన ఆరు రకాల విభజన ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. చేతులతో, యంత్రాలతో, బయట చేసే పనులు ఒక రకం: ఎలక్ట్రీషియన్, సైట్ ఇంజనీర్, వ్యవసాయం. ఆరా తీసి విశ్లేషించేవి రెండోది: ల్యాబ్, డేటా, రోగ నిర్ధారణ. సృజనకు సంబంధించినవి మూడోది. మనుషులకి నేర్పడం, సాయపడటం నాలుగోది: టీచర్, నర్సు. ఒప్పించడం, నడిపించడం అయిదోది: సేల్స్, వ్యాపారం, రాజకీయం. లెక్కలు, రికార్డులు క్రమంగా ఉంచడం ఆరోది: అకౌంట్స్, బ్యాంకు. ఎవరూ ఒకే రకం కాదు, పైకొచ్చే రెండు మూడు కలిపి చూడాలి.

దీని మీద ఆధారపడి అమెరికా కార్మిక శాఖ నడిపే ఓ-నెట్ ఇంట్రెస్ట్ ప్రొఫైలర్ అనే టెస్టు ఆన్‌లైన్‌లో ఉచితం. అరవై ప్రశ్నలు, ఇంగ్లీషులో ఉంటాయి. "ఈ పని చేయడం ఇష్టమా?" అని మాత్రమే అడుగుతుంది. మనకొస్తుందా, దాంట్లో జీతమెంత, చదువుందా అని ఆలోచించకుండా జవాబివ్వాలి. మనవాళ్లు ఇక్కడే తడబడతారు. వంటింటి అల్మారాలు చేయడం ఇష్టమా అంటే "ఛ, మనం బీటెక్ కదా" అని కాదని కొట్టేస్తారు. చివర్లో అది చూపించే ఉద్యోగాల జాబితా అమెరికాది. దాన్ని వదిలేసి మీకు ఎక్కువ స్కోరు వచ్చిన మూడు రకాలు మాత్రం నోట్‌బుక్‌లో రాసుకోండి.

పదహారు రకాల మనుషులంటూ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఇచ్చే మయ్యర్స్ బ్రిగ్స్ టెస్టు మన ఆఫీసుల్లో బాగా ప్రచారంలో ఉంది. తల్లీకూతుళ్లు తయారుచేసిన పద్ధతి అది. సరదాగా మాట్లాడుకోవడానికి బాగుంటుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుందన్నది దానిమీద ఉన్న పాత విమర్శ. దాన్ని నమ్మి కెరీర్ మార్చుకోకండి.

పిల్లల వేలిముద్రలు తీసుకుని "మీవాడు డాక్టర్ అవుతాడు" అని రంగుల రిపోర్టు ఇచ్చే డీఎంఐటీ టెస్టుకి స్కూళ్లలో వేల రూపాయలు వసూలు చేస్తున్నారు. వేలి గీతలకీ వృత్తికీ సంబంధం ఉందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు.

కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో రిజిస్టర్ అయితే ఉద్యోగ సమాచారంతో పాటు కెరీర్ కౌన్సెలింగ్ సదుపాయం కూడా ఉంది. తొమ్మిది, పది చదివే సీబీఎస్‌ఈ పిల్లల కోసం 'తమన్నా' అనే సామర్థ్య పరీక్ష ఉంది. అందులో పాసు, ఫెయిలు ఉండవు.

మీ టెస్టు, మీ కథలు ఒకే వైపు చూపిస్తే మంచిదే. రెండూ వేరేవి చెబితే నేనైతే కథల్నే నమ్ముతాను. టెస్టులో చెప్పింది అనుకున్నది, కథలో ఉన్నది చేసింది.

నాలుగో మెట్టు: దేన్ని వదులుకోలేరు?

ఎంఐటీ ప్రొఫెసర్ ఎడ్గార్ షైన్ తమ దగ్గర మేనేజ్‌మెంట్ చదివినవాళ్లని ఏళ్ల తరబడి గమనించాడు. కొంతకాలం పనిచేశాక ప్రతివాళ్లకీ ఒకటి ఏర్పడుతుంది, ఎంత బలవంతమొచ్చినా దాన్ని వదులుకోరు అన్నాడు. దానికి కెరీర్ లంగరు అని పేరు పెట్టాడు. పనిలో నైపుణ్యం, పదిమందిని నడిపించే అధికారం, స్వేచ్ఛ, భద్రత, సొంతంగా ఏదైనా నిర్మించడం, సేవ, సవాలు, కుటుంబంతో కుదిరే జీవితం. ఇవీ ఆయన చెప్పిన ఎనిమిది.

"వీటిలో ఏది ముఖ్యం?" అని అడిగితే అందరూ అన్నీ అంటారు. కాబట్టి గతాన్ని అడగండి. ఆన్‌సైట్ వద్దన్నారా? ఎందుకు వద్దన్నారు? టీమ్ లీడ్ ఇస్తామంటే తప్పించుకున్నారా? జీతం తక్కువైనా ఏదైనా ఉద్యోగంలో చేరారా? ఇలాంటి మూడు నాలుగు నిర్ణయాలు రాస్తే లంగరు కనిపిస్తుంది.

అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ల తరబడి గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్లు ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. ప్రభుత్వోద్యోగంలో భద్రత ఉంది, హోదా ఉంది, చేయాలనుకుంటే సేవా ఉంది. ఈ మూడింటిలో మీది ఏది? భద్రతే అయితే అది కావలసింది మీకా, సంబంధం చూస్తున్న మీ మామయ్యకా? ఎన్నో ప్రయత్నం తర్వాత ఆపాలో తేదీ వేసుకుని చదివేవాళ్లు తక్కువ. ఆ తేదీ నోటిఫికేషన్ రాకముందే రాసి పెట్టుకోవాలి, ప్రిలిమ్స్‌లో రెండు మార్కుల్లో పోయిన రోజు కాదు.

అయిదో మెట్టు: డబ్బు లెక్క

చాలా కెరీర్ గైడ్‌లు దీన్ని చివర్లో పెడతాయి. నేనైతే ఇంకా ముందే పెట్టేవాణ్ని, కానీ మొదటే లెక్కలంటే ఎవరూ చదవరు.

ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ చూసి, ఆపలేని నెలసరి ఖర్చు తీయండి: అద్దె లేదా ఈఎంఐ, స్కూలు ఫీజు, కిరాణా, మందులు, ఊరికి పంపేది, చీటీ. చీటీ మర్చిపోవద్దు, పాడుకున్న చీటీ అప్పు లాంటిదే. మన అమ్మాయికి ఇది నెలకి 62,000 అనుకుందాం. పీఎఫ్ కాకుండా చేతిలో ఉన్న పొదుపు 5,60,000. భాగిస్తే తొమ్మిది నెలలు. కొత్త చదువుకి 1,20,000 పక్కన పెడితే మిగిలేది 4,40,000, అంటే ఏడు నెలలు. అంతకంటే ఎక్కువ కాలం జీతం లేకుండా చదవాల్సిన దారి ఏదైనా, ఉద్యోగం చేస్తూనే చదవాలి, లేదా ఇంకో ఏడాది కూడబెట్టాలి.

ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ ఉంటే ఆఫీసు ఇన్సూరెన్స్ సంగతి చూడండి. ఉద్యోగం మానేస్తే ఆ కవర్ పోతుంది. కొత్త పాలసీలో పాత జబ్బులకి మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటి ఖర్చు ఇవ్వరు. కాబట్టి సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి, ఆ మూడేళ్లు ఉద్యోగంలో ఉండగానే కరుగుతాయి. పర్మనెంటు ఉద్యోగికి గ్రాట్యుటీ, అంటే మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, రావాలంటే అయిదేళ్ల సర్వీసు కావాలి. నాలుగున్నరేళ్లకి మానేద్దామనుకుంటే ఆర్నెల్లు ఆగడం వల్ల ఎంతొస్తుందో లెక్కవేయండి.

అమెరికాలో హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకి లెక్క వేరు. ఉద్యోగం పోయినా, మానేసినా మామూలుగా దొరికే గడువు గరిష్ఠంగా అరవై రోజులు. వీసా ఆ యజమాని పెట్టిన పిటిషన్‌తో ముడిపడి ఉంటుంది, కాబట్టి పని మారాలంటే కొత్త యజమాని కొత్త పిటిషన్ వేయాలి. అక్కడ ఉండి కెరీర్ మార్చుకోవాలంటే ముందు లాయర్‌తో మాట్లాడాకే మిగతా మెట్లు.

ఆరో మెట్టు: మూడు దారులు, వాటి గేట్లు

నైపుణ్యాలు, ఆసక్తులు, లంగరు, డబ్బు. ఈ నాలుగూ ఒకే పేజీ మీద రాసి, వాటికి సరిపోయే పనులు మూడు ఎంచుకోండి. ఒకటే అయితే అది అప్పటికే మనసులో పెట్టుకున్నది. పది అయితే ఏదీ తేల్చలేరు.

మన అమ్మాయి పేజీలో మూడు పడ్డాయి: స్కూల్లో లెక్కల టీచర్, కంపెనీలో ట్రైనర్, బిజినెస్ అనలిస్ట్. వెతికి పట్టుకోవడం, వివరించడం మూడింటిలోనూ ఉన్నాయి, పాళ్లు వేరు.

తర్వాత గేట్లు, అంటే ఆ పనిలోకి వెళ్లాలంటే దాటాల్సిన పరీక్షలు, చదువులు చూడాలి. టీచర్ కావాలంటే ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బీఎడ్, ఆపైన టెట్. ప్రభుత్వ స్కూలు కావాలంటే డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. బీటెక్ వాళ్లకి అర్హత మార్కుల షరతు ఉంటుంది, ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. ఆమె దగ్గర ఏడు నెలల డబ్బుంది, చదువేమో రెండేళ్లు. ఇక్కడ ఎవరూ నిరుత్సాహపరచక్కర్లేదు, లెక్కే చెబుతోంది. ట్రైనర్, అనలిస్ట్ పనులకి మాత్రం ఇప్పుడున్న కంపెనీలోనే లోపలి బదిలీకి అవకాశం ఉండొచ్చు.

ఇలాగే లాయర్ కావాలంటే లాసెట్, డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీ, ప్రాక్టీసుకి బార్ పరీక్ష. ఉద్యోగం చేస్తూ డిగ్రీ పూర్తిచేయాలంటే 1982లో హైదరాబాద్‌లో పెట్టిన, ఇప్పుడు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అని పిలుస్తున్న ఓపెన్ యూనివర్సిటీ ఉంది. ఏదైనా సరే, ఫీజు కట్టేముందు "ఇది లేకపోతే నన్ను లోపలికి రానివ్వరా, లేక ఉంటే మంచిదా?" అని తేల్చుకోండి.

ఇంటర్‌లో ఉన్న పిల్లలకి ఒక్క మాట. మీకు కథలు తక్కువ ఉంటాయి, ఫర్వాలేదు. అందుకే గేట్లు ఎక్కువ మూయని దారి ఎంచుకోవడం మంచిది. సీఈసీ తీసుకుంటే తర్వాత ఇంజనీరింగ్‌కి వెళ్లలేరు, ఎంపీసీ చదివి లా, కామర్స్, డిజైన్ వైపు వెళ్లొచ్చు. అయితే లెక్కలంటే వణుకుతున్న పిల్లని గేట్లు తెరిచి ఉంటాయని ఎంపీసీలో కూర్చోబెట్టడం కూడా న్యాయం కాదు.

ఏడో మెట్టు: ఆ పని చేస్తున్నవాళ్లని అడగండి

ఒక్కో దారికి ఇద్దరు ముగ్గురు. చుట్టాల్లో, కాలేజీ సీనియర్లలో, లింక్డ్ఇన్‌లో దొరుకుతారు. మనవాళ్లకి మొహమాటం ఎక్కువ, ఎదుటివాళ్లకి రిఫరల్ అడుగుతారేమోనన్న భయం ఎక్కువ. కాబట్టి మెసేజ్ ఇలా ఉంటే జవాబొస్తుంది:

"నమస్తే అండి. నేను మీ కాలేజీ జూనియర్‌ని, ఏడేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను. ట్రైనింగ్ వైపు రావాలని ఆలోచిస్తున్నాను. రిఫరల్ కోసం కాదండి. మీ పని రోజూ ఎలా ఉంటుందో ఇరవై నిమిషాలు చెప్పగలరా? ఈ శనివారం మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు ఫోన్ చేస్తాను."

ఫోన్లో "మీ ఫీల్డ్ ఎలా ఉంది?" అని అడగకండి. "బాగుంది" అంటారు. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారో అడగండి. ఈ పనిలో విసుగు పుట్టించేది ఏంటి? మీతో చేరి మానేసినవాళ్లు ఎందుకు మానేశారు? మీరు మళ్లీ మొదలుపెడితే ఇందులోకే వస్తారా? మొదటి మూడేళ్లలో జీతం సుమారు ఏ స్థాయిలో ఉంటుంది? జీతం గురించి చివర్లో అడగాలి, "మీది" అనకుండా "కొత్తవాళ్లకి" అనాలి.

కోర్సు అమ్మేవాళ్ల మాట ఈ లెక్కలోకి రాదు. అమీర్‌పేటలో ఉచిత డెమో క్లాసు తర్వాత మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడే "కౌన్సెలర్" అమ్మకాల మనిషి. మర్యాదస్తుడే కావచ్చు, కానీ మీరు ఆ కోర్సుకి పనికిరారని ఆయన ఎప్పుడూ చెప్పడు.

ఎనిమిదో మెట్టు: చిన్నగా చేసి చూడండి

ఆ దారుల గురించి ఇంతవరకు అనుకున్నదంతా ఊహే. ఇప్పుడు ఆరు వారాల పాటు ఆ పనిలో ఒక ముక్క చేయాలి.

టీచింగ్ అయితే అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురికి శని, ఆదివారాలు లెక్కలు చెప్పండి. పాఠం ఒక్కటే సరిపోదు, వాళ్లకి పరీక్ష పెట్టి పేపర్లు దిద్దండి, ఒక తల్లికి "మీవాడు హోంవర్క్ చేయడం లేదండి" అని చెప్పండి. ఇవన్నీ ఉద్యోగంలో భాగం. ట్రైనర్ పని అయితే ఆఫీసులో కొత్త బ్యాచ్‌కి రెండు సెషన్లు తీసుకుంటానని మేనేజర్‌ని అడగండి, వద్దనేవాళ్లు తక్కువ. చదువు ఎలా ఉంటుందో చూడాలంటే స్వయం పోర్టల్‌లో ఒక ఉచిత కోర్సు చేయండి. బయట డబ్బు తీసుకుని చేసేముందు మాత్రం అపాయింట్‌మెంట్ లెటర్ చదవండి, చాలా కంపెనీలు రెండో సంపాదన ఒప్పుకోవు.

ఏమైతే ఈ దారి వదిలేస్తారో మొదలుపెట్టకముందే రాసుకోండి. "ఆరు వారాల్లో నాలుగో వారానికే తప్పించుకోవడానికి సాకులు వెతికితే ఇది నాది కాదు" లాంటిది. పాత చిట్టా పద్ధతిలోనే ప్లస్‌లు, మైనస్‌లు వేయండి.

మన అమ్మాయికి పాఠం చెప్పినప్పుడు రెండు ప్లస్‌లు, పేపర్లు దిద్దినప్పుడు సున్నా, అదే పాఠం మూడోసారి చెప్పాల్సి వచ్చినప్పుడు మైనస్ పడిందనుకోండి. ఆఫీసులో కొత్తవాళ్లకి చెప్పిన రెండు సెషన్లకీ ప్లస్‌లే. స్కూలు టీచర్ ఏటా అవే పాఠాలు చెప్పాలి. రిగ్రెషన్ అంటే ఆమెకి ఎందుకు పడదో గుర్తుందిగా. టీచర్ కావాలన్న కోరికలో నిజం ఉంది, స్కూలు మాత్రం దానికి సరైన చోటు కాకపోవచ్చు.

తొమ్మిదో మెట్టు: ఇంట్లో చెప్పడం, కాగితాలు చూసుకోవడం

"నాన్నా, ఉద్యోగం మానేస్తున్నాను" అని మొదలుపెడితే ఆ తర్వాత మీరేం చెప్పినా వినపడదు. "నాన్నా, మా కంపెనీలోనే ట్రైనింగ్ టీమ్‌కి మారుదామనుకుంటున్నాను. జీతం ఏడాది పాటు పెరగకపోవచ్చు. ఈఎంఐకి ఇబ్బంది లేదు, ఇదిగో లెక్క" అని నోట్‌బుక్ ముందు పెట్టండి. "నలుగురికీ ఏమని చెప్పాలి?" అని ఆయన అడుగుతారు. దానికి జవాబు ముందే అనుకుని వెళ్లండి, హోదా పేరు ఇంగ్లీషులో గట్టిగా ఉంటే సగం పని అయిపోతుంది. భార్యాభర్తలైతే ఈ మాట మొదటి మెట్టు దగ్గరే జరిగి ఉండాలి. చిట్టాలో ఉన్న మైనస్‌లు ఇంట్లోవాళ్లకి మీకంటే ముందే తెలుసు.

లోపలి బదిలీ కుదరక మానేయాల్సి వస్తే, మేనేజర్‌తో గొడవపడిన రోజు రిజైన్ మెయిల్ పంపకండి. కనీసం వారం ఆగండి. ఆ వారంలో ఇవి సరిచూసుకోండి: నోటీసు పీరియడ్ ఎన్ని రోజులు, సాఫ్ట్‌వేర్‌లో తొంభై రోజులు మామూలే. ఇన్నేళ్లు పనిచేస్తానని రాసిచ్చిన బాండ్ ఉందా? గ్రాట్యుటీ తేదీ దాటిందా? సొంత హెల్త్ పాలసీ మొదలైందా? మీ పీఎఫ్ నంబరు (యూఏఎన్) సొంత ఫోన్ నంబర్‌తో ముడిపడి ఉందా? పేస్లిప్పులు, ఫారం 16 ఆఫీసు మెయిల్లో ఉండిపోతే ల్యాప్‌టాప్ ఇచ్చేశాక అడుక్కోవాలి, అన్నీ సొంత మెయిల్‌కి తెచ్చుకోండి. రిలీవింగ్ లెటర్ ఎప్పుడిస్తారో హెచ్ఆర్‌ని మెయిల్లోనే అడిగి, జవాబు దాచుకోండి. కొత్త పనిలో చేరిన ఆరు నెలలకి మళ్లీ రెండు వారాల చిట్టా రాయడానికి ఫోన్ క్యాలెండర్‌లో ఇప్పుడే ఒక తేదీ పెట్టండి.